రెండు చానళ్లు వినే రేడియో

మా అమ్మాయి కొత్తగా డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకుంది. ఈ సెలవుల్లో ఇక్కడ సింగపూర్‌లోని తెలుగు కుటుంబాలన్నీ కలిసి కార్లలో మలేషియా వెళ్తుంటే, వాళ్ల నాన్న కారు తను నడుపుతానని పట్టుబట్టింది. దారిలో మాట్లాడుకోవడానికి బండికో సీబీ రేడియో పెట్టుకోవడం మావాళ్ల అలవాటు. సింగపూర్‌లో అనుమతి లేకుండా దాన్ని ఆన్ చెయ్యకూడదు కాబట్టి మా గోలంతా సరిహద్దు వంతెన దాటి మలేషియాలో అడుగుపెట్టాకే. మా కారులోని పాతదాన్ని, ఆయన పోయాక నెల తిరక్కుండానే నేను ఊడబీకించి పారేశాను. అందుకే ఒక శనివారం జురాంగ్ వెస్ట్‌లోని మా ఫ్లాట్ నుంచి తల్లీకూతుళ్లం కొత్తది కొనడానికి బయల్దేరాం.

ఆయన పోయింది అలాంటి ప్రయాణంలోనే. అప్పటికి అమ్మాయి స్కూల్లో చదువుతోంది. మా కారులో బోరని, ముందు వెళ్తున్న డాక్టరుగారి కారెక్కింది. కారుకో జట్టుగా రేడియోలో అంత్యాక్షరి మొదలైంది. పాట తట్టకపోతే అవతలి జట్టు ఒకటి, రెండు అని లెక్కపెడుతుంది కదా, మా గడుగ్గాయి దానికో ఉపాయం కనిపెట్టింది. పాట తట్టేదాకా మైకు బటన్ వదిలేది కాదు. ఒకళ్లు నొక్కిపట్టి ఉంటే రెండోవాళ్ల మాట వినపడదు, ఇంక లెక్కపెట్టేదెవరు? తొండి, తొండి అని అందరూ నవ్వారు. ఆయనైతే తెలివంతా తన పోలికేనని మురిసిపోయారు.

కాసేపటికి ఆయన ఎడమ భుజం పట్టుకుని కారు పక్కకి ఆపారు. చుట్టూ పామాయిల్ తోటలు, ఫోనులో సిగ్నల్ లేదు. మైకు తీసుకుని డాక్టరుగారిని పిలిచాను. బటన్ వదలగానే మా అమ్మాయి గొంతు. "మ... మ... ఉండండి, వస్తోంది!" మళ్లీ పిలిచాను, మళ్లీ అదే గొంతు. అరిచాను. కన్నకూతుర్ని నోటికొచ్చినట్టు తిట్టాను. నా చేతిలో ఆయన చెయ్యి చల్లబడుతుంటే స్పీకర్లో అది కిలకిలా నవ్వుతోంది. వెనక మా కారు లేదని చూసుకుని వాళ్లు తిరిగొచ్చేసరికి డాక్టరుగారు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

మైకు అందుకునే వ్యవధి కూడా లేదనీ, క్షణంలో పోయారనీ అందరికీ చెప్పాను. ఆ దేవుణ్ణి ఎంత తిట్టుకున్నా, అసలు సంగతి ఈ పిల్లకి తెలియనివ్వకు తండ్రీ అని మాత్రం రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

షాపు నడిపేది ఒక చైనీస్ అంకుల్. అమ్మాయి కళ్లు నీలం లైట్లున్న చిన్న రేడియో మీద పడ్డాయి.

"దిస్ వన్ కెన్ లా, అమ్మా. సో క్యూట్," అంది, ఇది చాలని తన సింగపూర్ ఇంగ్లీషులో.

"క్యూట్‌గా ఉంటే షోకేసులో పెట్టి చూసుకో. పెద్దవి తియ్యమను."

అంకుల్ ఒక నల్లటి సెట్టు తీశాడు. అది ఒకేసారి రెండు చానళ్లు వింటుందట, ఒకటి కబుర్లకి, రెండోది ఆపదకి. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కబుర్ల చానల్లో ఎవరైనా బటన్ నొక్కిపట్టేస్తే? అప్పుడు రెండోదాంట్లో పిలిస్తే వినపడుతుందా?" అని ఇంగ్లీషులో అడిగాను.

మిగతా కార్లకి వినపడుతుందన్నాడు.

"ఆ నొక్కినవాళ్లకి?"

"వాళ్లకి వినపడదు. వదిలాకే."

"ఎంతసేపటికీ వదలకపోతే? ఆడుకుంటూ, నవ్వుకుంటూ వదలకపోతే?"

ఆఖరి మాటకి నా గొంతు పైకి లేచిపోయింది. అంకుల్ బిత్తరపోయాడు. తిరిగి చూస్తే అమ్మాయి నన్నే చూస్తోంది. నాలిక కరుచుకున్నాను గానీ అప్పటికే ఆలస్యమైంది.

నేను తెలుగులో ఏమడిగినా ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, తెలుగులో అడిగింది.

"అమ్మా, ఆ రోజు నువ్వు పిలిచావా?"

"లేదమ్మా, లేదు. పిలిచే టైమెక్కడిది?" గబగబా అనేశాను. "ఇదే తీసుకుందాం, పద. ఆకలేస్తోంది."

అది కదల్లేదు.

"నేనప్పుడు ఏం చేస్తున్నానమ్మా? పాడుతున్నానా?"

నేను దానివైపు చూడకుండా అంకుల్ వైపు తిరిగి పర్సు తెరిచాను. అది ఆ కౌంటర్ ముందే నేలమీద కూలబడింది.