వరద నీళ్లు తాగిన తోలు సీట్లు

మొన్నటి వానలకు మా మనవడి కారులోకి నీళ్లు వచ్చాయి. సీట్లు ఇక పనికిరావని, కొత్తవి వేయించుకోవాల్సిందేనని షెడ్డువాళ్లు తేల్చేశారట. వాడు ఆ మాట చెబుతుండగానే వెళ్లి తలుపు తీసి తోలు మీద చెయ్యి వేశాను. ఆ ముక్కిపోయిన వాసనకు అరవై ఏళ్ల కిందటి గుడివాడలో మా ఇంటి వెనక గది కళ్లముందుకు వచ్చేసింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఊళ్లో కార్లు ఎన్నని! ఉన్నవాళ్లంతా సీట్లు కుట్టించుకోవడానికి మా నాన్న దగ్గరికే వచ్చేవారు. నాకు పద్దెనిమిదో ఏట ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. చిన్నప్పటినుంచి పక్కన కూర్చుని పని చూసినదాన్ని గనుక సూది నేను అందుకున్నాను. ఆడపిల్ల కుడుతోందని తెలిస్తే ఎవరూ బండి ఇవ్వరని నాన్న భయం. అందుకని వెనక గదిలో కిటికీ మూసుకుని ఆ ఉక్కలోనే కుట్టేదాన్ని. ఆదివారం చర్చికి వెళ్తే, తోలుకు పట్టించే ఆముదం జిడ్డు వదలని చేతులను పైట కింద దాచుకునేదాన్ని.

ఆ ఏడే బందరులో టీచర్ ట్రైనింగుకు రమ్మని ఉత్తరం వచ్చింది. నేను పెట్టె సర్దుకుంటుండగా దివిసీమ నుంచి ఒక డాక్టరుగారి కారును లారీకి కట్టి లాక్కొచ్చారు. వరదలో మూడు రోజులు మునిగి ఉందట. నాన్న గుమ్మంలో నిలబడి, నా వైపు చూడకుండా అన్నారు.

"ఈ ఒక్క బండీ చేసిపెట్టి వెళ్లమ్మా."

తోలు చెక్కలా బిగుసుకుపోయింది. తొందరపడి ఎండలో పెడితే పగులుతుంది. తడిగుడ్డతో బురద తుడిచి, నీడన ఆరబెట్టి, గోరువెచ్చని ఆముదం రోజూ కొంచెం కొంచెంగా ఇంకించాను. లోపల కుళ్లిన కొబ్బరి పీచు తీసేసి కొత్తది నింపాను. కారు రంగు మీద ఎండిన బురదను రుద్దితే గీతలు పడతాయని, పెరట్లో దడి చాటున నీళ్లు పోసి నానబెట్టి, అమ్మ పాతచీర ముక్కతో మెల్లగా తీశాను. చేరాల్సిన రోజు దగ్గరపడుతోంది, తోలు మాత్రం మెత్తబడటం లేదు. వదిలేసి వెళ్లిపోదామని రెండుసార్లు లేచాను. నాన్న చెయ్యి చూసి మళ్లీ కూర్చున్నాను. గడువు దాటిన మర్నాడు ఆఖరి కుట్టు వేశాను.

డాక్టరుగారు వచ్చి సీట్లో కూర్చుని, నొక్కి చూసి, మీ చేతికి తిరుగులేదండీ అని నాన్నను మెచ్చుకున్నారు. తలుపు వెనక నిలబడి నేను వింటున్నాను.

"నా చెయ్యి పడిపోయి ఏడు నెలలైందండీ. ఇది మా అమ్మాయి పని" అన్నారు నాన్న.

డాక్టరుగారు నన్ను పిలిచి ఏం చదివావని అడిగారు. ట్రైనింగు సంగతి చెప్పాను.

"మరి ఎప్పుడు వెళ్తున్నావమ్మా?"

"నిన్నటితో గడువు అయిపోయిందండీ."

నాన్న మెట్టు మీద కూలబడ్డారు.

ఆ తర్వాత డాక్టరుగారు కనబడినవారికల్లా నా పని గురించి చెప్పారు. నందివాడ నుంచి, బందరు నుంచి బండ్లు వచ్చాయి. కిటికీ నాన్నే స్వయంగా తెరిచారు. గాలి లోపలికి వచ్చింది గానీ నేను బయటికి రాలేకపోయాను. ఆ మెప్పే నన్ను కట్టిపడేసింది. చెల్లెళ్లిద్దరూ ట్రైనింగు చేసి టీచర్లయ్యారు. నాన్న పోయేదాకా, పదకొండేళ్లు, నేను ఆ గదిలోనే ఉన్నాను.

ఇప్పటి ఆడపిల్లలు ఏ పనైనా నలుగురి ఎదుటే చేస్తున్నారు, ఇది నేను చేశానని ధైర్యంగా చెప్పుకుంటున్నారు. చూస్తే కడుపు నిండుతుంది. నాన్న మీద కోపం కూడా ఎప్పుడో పోయింది, పోయిందనే అనుకుంటున్నాను. సుద్దముక్క పట్టుకుని పిల్లల ముందు నిలబడి ఉంటే నా గొంతు ఎలా పలికేదో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.