చింతపండుతో తోమిన రాయి

నారాయణఖేడ్ పక్కన ఒక పల్లెలో మూడెకరాల చెలక దున్నుకుని బతికిన బీరప్ప మాట మీద నిలబడే మనిషి. గట్టు తగాదా వస్తే రెండు వైపులవాళ్లూ అతన్నే పిలిచేవారు. అలాంటివాడు పట్నం పోయి, పదిమంది పెద్దమనుషుల ముందు నోరు జారాడు. ఆ సిగ్గు అతన్ని చచ్చేదాకా వదల్లేదు.

నిజాం రోజులవి. ఒక దుక్కిలో నాగలికి సున్నపురాయి తగిలింది. దాని నిండా నత్తగుల్లలు, అన్నీ రాయిగా మారిపోయినవే. బడిపంతులు బసవరాజ్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. పట్నంలో విజ్ఞాన సంఘం ఒకటుందనీ, ఇలాంటివి గాజు బీరువాలో పెట్టి కింద ఇచ్చినవాడి పేరు రాస్తారనీ చెప్పి, తానే ఉత్తరం రాశాడు. రాయి పట్టుకుని రమ్మని జవాబొచ్చింది.

పేరు రాస్తారనేసరికి బీరప్పకు కాలు నిలవలేదు. మన్ను కొట్టుకున్న రాయిని పెద్దల ముందు పెడితే పరువేం కాను? ఇత్తడి బిందెలా చింతపండు పెట్టి తోమమని భార్య కాశమ్మకు పురమాయించాడు.

“మన్నుంటె ఏమైతది? ఆళ్లు దాన్ల బువ్వ తింటరా ఏంది?” అంది ఆమె.

“చెప్పింది చెయ్యి!”

పాపం, మూడు రోజులు తోమింది. వేళ్లు పగిలాయి.

బీరప్ప జహీరాబాదులో రైలెక్కి పట్నం చేరాడు. సంఘం మేడలో కుర్చీల మీద అందరూ బూట్లతో కూర్చున్నారు, తనొక్కడే చెప్పులు బయట విడిచాడు. సంఘం పెద్దాయన భూతద్దం పెట్టి చూసి, తల పట్టుకున్నాడు. ఆ నత్తలు ఏ జాతివో చెప్పే సన్నని గీతలన్నీ పోయాయట. పులుపు సున్నపురాయిని తినేస్తుందట.

“దీన్ని గిట్ల తోమిందెవరయ్యా?”

అందరూ ఇటు తిరిగారు. నేనే తోమించానంటే అయిపోయేది. ఎవరూ ఉరి తీసేవాళ్లు కాదు.

“మా ఇంటిది సాబ్. వద్దన్నా ఇన్లే. తెల్వని మనిషి.”

హాలంతా నవ్వింది. మాట మీద నిలబడే మన బీరప్ప, వాళ్లతో కలిసి తనూ నవ్వాడు. మెట్లు దిగుతుంటే మాత్రం తన మీద తనకే అసహ్యం వేసింది.

“మెచ్చిండ్రా?” అని ఇంటి దగ్గర కాశమ్మ ఆశగా అడిగింది.

“మెచ్చిండ్రు,” అన్నాడు, మొహం చూడకుండా.

నెల తర్వాత పంతులు ఉత్తరం పట్టుకుని వచ్చాడు. వెనకాలే ఇరుగుపొరుగు. కాశమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. పంతులు గట్టిగా చదివాడు: మళ్లీ ఇలాంటి రాయి దొరికితే తెండి. ఈసారి మీ భార్య చేతికి ఇవ్వకండి. మీరు వద్దన్నా వినకుండా తోమి పాడుచేసిందని మీరే చెప్పారు కదా.

అందరి కళ్లూ కాశమ్మ మీద పడ్డాయి. బీరప్పకు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇప్పుడైనా నిజం చెప్పాలని నోరు తెరిచాడు. ఈలోగా ఆమే అందుకుంది.

“అవ్ పంతులూ, నేనే తోమిన. ఆయన వద్దనే అన్నడు.”

జనం పోయాక బీరప్ప దగ్గరికి వచ్చాడు. “గట్లెందుకన్నవ్?”

“నువ్వు ఆడ నలుగుర్ల అన్నవ్ గద. ఈడ నలుగుర్ల నిన్ను అబద్ధాలోన్ని జెయ్యాల్నా?”

చీపురు తిరగేసి కొట్టినా అతనికి అంత నొప్పి పుట్టేది కాదు. తప్పయిందని అనడానికి మాట వెతుక్కుంటుండగానే, ఆమె చాట అందుకుని మళ్లీ జొన్నలు చెరగసాగింది.