సారు రద్దు చేసిన ప్రాక్సీ

కరీంనగర్‌లో మా ఆఫీసు కంప్యూటర్లు చూసుకునేది నేనే. కాంట్రాక్టు ఉద్యోగం. బ్రహ్మవిద్యేమీ కాదు. బయటి వెబ్‌సైట్లన్నీ ప్రాక్సీ అనే సర్వర్ మీదుగా రావాలి, ఆఫీసు లోపలి సైట్లు నేరుగా తెరుచుకోవాలి. అందుకని లోపలి సైట్ల పేర్లు ప్రతి బ్రౌజర్‌లోనూ మినహాయింపుల జాబితాలో రాసిపెడతాను. ఎవరో ఒకరు దాన్ని చెరిపేస్తారు. మళ్లీ రాస్తాను.

ఒక రోజు పొద్దున సూపరింటెండెంట్ కంప్యూటర్‌లో ఫైళ్ల సైటు తెరుచుకోలేదు. ఏదేదో నొక్కి జాబితా చెరిపింది ఆయనే. ఆ మాట మొహం మీద అనలేక, "ప్రాక్సీ అడ్డమొస్తుంది సార్" అన్నాను.

ఆయన కళ్లజోడు తీశాడు. "నా ఆఫీసుల ప్రాక్సీనా?"

ఆయనకు తెలిసిన ప్రాక్సీ ఒక్కటే, కాలేజీలో రానివాడి బదులు ఇంకొకడు హాజరు పలకడం. చెప్పబోయాను.

"నాకే చెప్తవా? గీ ప్రాక్సీలు గీక్సీలు నా దగ్గర నడవయి. అన్ని కంప్యూటర్లల్ల తీసెయ్, జల్ది!"

గంటలో సర్క్యులర్ కూడా వచ్చింది. ప్రాక్సీకి పాల్పడు సిబ్బందిపై, కంప్యూటర్లపై కఠిన చర్యలు తీసుకోబడునట. కంప్యూటర్లపై! అంత బుర్రలేని కాగితం నేనెక్కడా చూడలేదు. అయినా తలవంచుకుని ఒక్కో కంప్యూటర్‌లో ప్రాక్సీ తీసేశాను. ఆయన ఫైళ్ల సైటు టక్కున తెరుచుకుంది. "చూసినవా?" అని మీసం దువ్వుకున్నాడు. బయటి సైట్లన్నీ బందయ్యాయన్న సంగతి ఆ మహానుభావుడికి తెలియదు. మూడింటికే ఇంటికి పోయాడు. సాయంత్రం రిజిస్టర్‌లో ఆయన సంతకం రోజూలాగే అటెండర్ పెట్టాడు.

బదిలీ దరఖాస్తులకు ఆ రోజే ఆఖరు. మా సెక్షన్‌లో ఒక జూనియర్ అసిస్టెంట్ ఉండేది. భర్త, మూడేళ్ల పాప భైంసాలో, ఆమె ఇక్కడ అద్దె గదిలో. వారానికోసారి బస్సెక్కి పాపను చూసి వచ్చేది. దరఖాస్తు హైదరాబాదు సైటులో పెట్టాలి, అదీ బయటి సైటే. మా ఆఫీసు నెట్‌లో తప్ప అది ఇంకెక్కడా తెరుచుకోదు, ఐదింటికి మూసేస్తారు. నాలుగున్నరకు నన్ను పిలిచింది.

"అన్నా, పేజీ వస్తలేదు. జర చూడవా?"

ఆ ఒక్క కంప్యూటర్‌లో ప్రాక్సీ తిరిగి పెట్టడం రెండు నిమిషాల పని. కానీ నా కాంట్రాక్టు ఆ నెలే పొడిగించాలి, దాని మీద సంతకం సారుది. ఆయనకు మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

"సారు ఆర్డర్ చెల్లె. ఆయన చెప్పకుంట ముట్టద్దు" అన్నాను. ఆమె తెల్లటి పేజీని చూస్తూ కూర్చుంది. ఐదు దాటింది.

మరునాడు క్యాంటీన్‌లో ఆమె దగ్గరికి పోయి సారును కడుపునిండా తిట్టడం మొదలుపెట్టాను. "ప్రాక్సీ అంటే ఏందో తెల్వనోడు, సూపరింటెండెంట్ ఎట్లయిండో!"

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"సారుకు తెల్వదన్నా. నీకు తెలుసు గదా."