టీ పెట్టెకు ఊడిన గొళ్ళెం

బిట్రగుంట రైల్వే కాలనీ పక్కన ట్రంకుపెట్టెల తాళాలు బాగుచేసే మౌలాకు ఒక అలవాటుండేది. బాగుచేసిన ప్రతి తాళాన్నీ ఒక తలపిన్నుతో సహా కూతురు షమా చేతికిచ్చేవాడు. ఆ పిల్ల తెరిచిందంటే తాళం మళ్ళీ బల్ల మీదికి. తెరవలేక మూతి ముడుచుకుంటేనే అది గిరాకీ చేతికి. ఇంత దుర్మార్గపు పెంపకంలో పెరిగిన పిల్ల ఏమవుతుంది? జువ్వలదిన్నె హార్బరులో నరేంద్రబాబు చేపల కంపెనీకి కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగి అయింది.

ఆ కంపెనీకి ఉన్నది ఒకటే పెద్ద కంప్యూటర్ మెషీను. అందులో ఒక్కో పనికి ఒక్కో కంటైనర్, అంటే ఒక ప్రోగ్రాము విడిగా నడిచే పెట్టెలాంటిది: వేలంపాట ధరలు చూపే బోర్డుకొకటి, రొయ్యలుండే చల్లగదికొకటి, క్యాంటీన్ టీ ఆర్డర్లకొకటి. ఎవరి పెట్టెలో వాళ్ళుండాలి, పక్కదాని జోలికి పోకూడదు. కానీ ఆ పెట్టెలన్నిటినీ నడిపే ప్లాట్‌ఫామ్ సాఫ్ట్‌వేరు పాత వెర్షన్. దాని గొళ్ళెం ఎక్కడ ఊడిందో, ఒక పెట్టెలో దూరినవాడు గోడ దూకి మెషీనంతా ఎలా చేజిక్కించుకోగలడో తయారుచేసినవాళ్ళే లోకమంతా చదివేలా ప్రకటించారు. కొత్త వెర్షన్ కూడా ఇచ్చారు. ఇక టీ పెట్టెలోకైతే హార్బరులో ఫోనున్న ప్రతివాడూ వస్తాడు.

"వెర్షన్ మారుస్తాను, అన్నా," అంది షమా.

"ఆషాఢంలోనా? సిద్ధాంతి చేత ముహూర్తం పెట్టించి ఎక్కించినాం దాన్ని. ఒక్కనాడన్నా ఆగినాదా? శ్రావణం రానీ అమ్మాయ్," అన్నాడు నరేంద్రబాబు.

మెషీనుకు కుంకుమబొట్టుంది, పైన నిమ్మకాయ వేలాడుతోంది. నిమ్మకాయను శుక్రవారం శుక్రవారం మారుస్తారు. వెర్షన్ను మాత్రం మార్చరు.

షమాకు నవ్వొచ్చింది కానీ, నిజానికి భయంగానే ఉంది. చల్లగదిలో చిన్నపోలయ్య పడవవాళ్ళ రొయ్యలున్నాయి. ఏ కొంటెవాడో దూరి చల్లదనం ఆపేశాడా, వాళ్ళ కష్టమంతా కుళ్ళిపోతుంది. నింద తన నెత్తిన పడుతుంది.

"నేనే దూరి చూపిస్తా. ఒప్పుకుంటారా?"

"దూరు పో! టీ పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి పోతాదంట. ఎవురన్నా వింటే నవ్విపోతారు."

అడిగి మరీ తీసుకున్న అనుమతి. పొద్దున వేలంపాట జోరుగా సాగుతుండగా షమా ల్యాప్‌టాప్ తీసింది. అందరిలాగే టీ ఆర్డర్లలోకి వెళ్ళింది, అక్కణ్ణించి గోడ దూకింది. చల్లగదిని ముట్టలేదు. బోర్డు మీద వంజరం చేప ధర చెరిపి, టీ పెట్టెలో పైనే కనబడిన ఆర్డరును అక్కడ పెట్టింది. ఇంకేదైనా పెట్టొచ్చుగా అంటే, పెట్టొచ్చు. కానీ మౌలా కూతురు.

చదువురానివాళ్ళ కోసం బోర్డును గట్టిగా చదవడం చిన్నపోలయ్యకు అలవాటు. అదే ఊపులో చదివేశాడు: "నరేంద్రబాబు గారికి టీ. చక్కెర మూడు చెంచాలు. వినీలమ్మకు చెప్పొద్దు."

షెడ్డంతా గొల్లుమంది. తూకం దగ్గర కూర్చున్న వినీల, నరేంద్రబాబు భార్య, తల మెల్లగా తిప్పింది. భర్తకు డాక్టరు చక్కెర మాన్పించి ఏడాదవుతోంది.

"మూడా?" అంది.

నరేంద్రబాబు షమా దగ్గరికి నడిచి రాలేదు, పరిగెత్తుకొచ్చాడు. "ఆషాఢం లేదు గీషాఢం లేదు. ఇప్పుడే మార్చు తల్లీ!"

పడవలన్నీ ఖాళీ అయ్యేలోపు కొత్త వెర్షన్ ఎక్కింది. షమా మళ్ళీ అదే దారిన దూరబోయింది. తెరుచుకోలేదు. ఇంకో రకంగా చూసింది. ఊహూ. చిన్నప్పటిలా మూతి ముడుచుకుంది, ఆ వెంటనే పట్టరాని సంతోషం వచ్చింది.

మర్నాడు షమాకు టీ వచ్చింది. ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "చక్కెరేది?" అని క్యాంటీన్ మహాలక్ష్మిని అడిగింది.

"నీకు ఎయ్యొద్దని అయ్యగారు చెప్పినాడు షమా. ఈ పొద్దు నుంచి ఆయనకెట్నో నీకూ అట్నేనంట."

షమా చల్లగది రీడింగు చూసింది. రొయ్యలకు కావలసినంత చల్లగా ఉంది. మిగతా టీ కూడా తాగేసింది.