పెబ్బేరు సంతలో నా పళ్లు

నిజాం జమానాలో మాట. నేను పెద్దమందడికి కొత్తగా కాపురానికి వచ్చాను. చిన్నప్పుడు బావి మెట్ల మీద పడి ముందు పళ్లు రెండు పోతే, పెళ్లికి ముందు నాన్న రాయచూరులో కట్టుడు పళ్లు పెట్టించాడు. అటూ ఇటూ పళ్లకు పట్టించి కట్టిన ఆ వరసను డాక్టరు బ్రిడ్జి అన్నాడు. కొన్నాళ్లకు అది కదలసాగింది, చిగురు వాచింది. మార్చాలో వద్దో ఆ డాక్టరునే అడుగుదామని మా ఆయన బండి కట్టాడు.

దారిలో పెబ్బేరు సంతలో ఆపి, ఎద్దుల పళ్లు చూసి వయసు చెప్పే దళారిని పిలిచాడు. "అన్నా, జర మా ఆమె పండ్లు గూడ చూడే. కొత్తయి పెట్టియ్యాల్నా, గివే నడుస్తయా?"

దళారి ఎద్దు నోట్లోంచి తీసిన వేళ్లు తుడుచుకోకుండానే నా పెదవి ఎత్తి, బ్రిడ్జిని పట్టుకుని ఊపాడు. నొప్పికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంకో నాలుగేండ్లు మేస్తది, తోల్కపో."

సంతంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా మా ఆయనే నవ్వి, బండిని ఇంటివైపు తిప్పాడు.

ఇన్నేళ్లయినా ఒక్కటి నాకు మింగుడు పడదు. నాకన్నా ముందు తన నోరు తెరిపించబోయిన దళారి మీదికి ఆ ఎద్దు కొమ్ము విసిరింది. నేను మాత్రం తెరిచిన నోరు తెరిచినట్టే నిలబడ్డాను.