వనజ చేతి తూటాలు

సుల్తానాబాద్ బజారులో రంగోజు వాళ్ల దుకాణం చిన్నది. కొత్త నగలు కొనేవాళ్లు అక్కడికి రారు. తెగిన గొలుసు, రాయి ఊడిన కమ్మ, వంకరపోయిన మెట్టె, ఇలాంటివి పట్టుకుని వస్తారు. ముందు గదిలో శ్యాంసుందర్ కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడతాడు. వెనక గదిలో కుంపటి ముందు అతని భార్య వనజ కూర్చుని పని చేస్తుంది. ముప్పై ఏళ్లుగా ఇదే వరస.

ఆమె పుట్టిల్లు ఖానాపూర్. తండ్రి అక్కడ బంగారు పనిలో పేరున్న అవుసలి. ఎనిమిదేళ్ల వయసులో వనజ ఊదుగొట్టం చేతిలోకి తీసుకుంటే తల్లి కొట్టబోయింది. "ఆడివిల్ల కుంపటి ముంగట కూసుంటదా?" అని ఆమె అరిస్తే, తండ్రి తలెత్తకుండానే, "కూసుంటె ఏమైతది? నిప్పుకు ఆడ మగ ఎరుకనా?" అన్నాడట. అప్పుడు కూర్చున్న మనిషి ఇప్పటిదాకా లేవలేదు. యాభై మూడేళ్లు వచ్చినా ఆమె చెయ్యి వణకదు, కన్ను చెదరదు. వెంట్రుక మందం తేడా వచ్చినా పనిని మళ్లీ మొదటినుంచి చేస్తుంది.

మూడేళ్ల కిందట ఒక మంగళవారం మధ్యాహ్నం ఇద్దరు మనుషులు దుకాణంలోకి వచ్చారు. ఒకడు ఉంగరం చూపించి బేరమాడుతుండగానే రెండోవాడు ఇనుప రాడ్డుతో శ్యాంసుందర్ కుడి చేతి మీద కొట్టాడు. బాగుచేయడానికి జనం ఇచ్చిపోయిన నగల సంచి లాక్కుని బయటికి ఉరికారు. కేక విని వెనక గదిలోంచి వచ్చిన వనజ సంచి పట్టీ పట్టుకుంది. మోటారు సైకిల్ కదిలింది, ఆమె బజారంతా వినేలా అరుస్తూనే ఉంది గానీ పట్టీ వదల్లేదు. పట్టీ తెగేదాకా, అంటే పక్కనున్న ఎరువుల దుకాణం దాకా, రోడ్డు మీద ఈడ్చుకుపోయారు. మోకాళ్లు, మోచేతులు దోక్కుపోయాయి. శ్యాంసుందర్ మణికట్టు రెండు చోట్ల విరిగింది. కట్టు విప్పాక కూడా ఆ చెయ్యి మునుపటిలా కాలేదు.

వనజ రివాల్వర్ లైసెన్సుకు అర్జీ పెట్టింది. కాగితాలు చూసిన ఆఫీసరు మర్యాదగానే, "మీ ఆయన పేరు మీద పెట్టుకోండమ్మా, తొందరగా అవుతుంది" అన్నాడు.

"ఆయన చెయ్యి ఇరిగింది సార్. చెయ్యి ఇరిగిన మనిషికి తుపాకి ఇస్తరు గని, చెయ్యి మంచిగున్న మనిషికి ఇయ్యరా?"

ఆయన అర్జీ తీసుకుని ముద్ర వేశాడు. విచారణకు వచ్చిన కానిస్టేబులు ఎదురింటావిడను, "ఈమెకు కోపం ఎక్కువనా?" అని అడిగితే, "ఉంటది. ఊకెనే మాత్రం రాదు" అని చెప్పింది. అలా పదకొండు నెలలు తిప్పి లైసెన్సు పుస్తకం ఇచ్చారు. ముప్పై రెండు బోరు రివాల్వర్, సర్కారు కార్ఖానాలో తయారైనది, ఆరు గుళ్లది. తుపాకులలో చిన్నదే. అయినా పెట్టె తెరిచి చేతిలోకి తీసుకున్నప్పుడు, అవతలి మనిషి గట్టిగా చెయ్యి కలిపినట్టు అనిపించింది వనజకు.

కాల్చడం నేర్చుకోవడానికి కరీంనగర్ రైఫిల్ క్లబ్బుకు వెళ్లింది. అక్కడ నేర్పేది సిద్దిరాములు. పోలీసు శాఖలో ఆయుధాలు బాగుచేసే పని చేసి రిటైరైన మనిషి, అరవై ఆరేళ్లవాడు. మాట తక్కువ. రెండు ఆదివారాలు ఉత్త తుపాకీ పట్టుకోవడమే నేర్పి, మూడో ఆదివారం ఒక్కటంటే ఒక్క తూటా ఇచ్చాడు.

తనకు భయమేస్తుందనుకుంది వనజ. మోకాళ్ల మీది మచ్చలు గుర్తొస్తాయని, ఆ ఇద్దరి మొహాలు కళ్లముందుకు వస్తాయని అనుకుంది. తూటా పేలింది, చెయ్యి పైకెగిరింది, ఎదురుగా కాగితానికి ఒక మూలన చిల్లు పడింది. ఆమెకు నవ్వు వచ్చింది. చిన్నప్పుడు ఉయ్యాల అంత ఎత్తుకు లేచినప్పుడు కడుపులోంచి వచ్చే నవ్వు. ఎవరూ ఏమీ అనకముందే నోరు మూసుకుంది గానీ, సిద్దిరాములు చూశాడు.

"నవ్వితె తప్పేం లేదు చెల్లె. జర తుపాకి కిందికి పెట్టి నవ్వు."

ఆరోజు నుంచి ఆదివారం వస్తే ఆమె కరీంనగర్ బస్సులో ఉండేది. దొంగల సంగతి మనసులో ఎప్పుడు వెనక్కి పోయిందో ఆమెకే తెలియదు. గుళ్ల చక్రం తిరిగి ఒక్కో గదీ సరిగ్గా వచ్చి నిలబడే చప్పుడు ఆమెకు ఇష్టం. ఇంటికి వచ్చాక దాన్ని తుడిచి, నూనె రాసి, మెత్తటి గుడ్డతో మెరుగుపెట్టడం ఇష్టం. బాగా చేసిన వస్తువు అంటే ఆమెకు మొదటినుంచీ గౌరవం.

కానీ ఒక సంగతి ఆమెకు మింగుడుపడలేదు. చెయ్యి కదలకుండా, ఊపిరి బిగబట్టి, ఒకేలా కాల్చినా చిల్లులు ఒక దగ్గర పడటంలేదు. సిద్దిరాములును అడిగింది.

"కంపెనీ తూటాలు గదా. ఒకదాంట్ల మందు జర ఎక్కువ ఉంటది, ఒకదాంట్ల జర తక్కువ" అన్నాడాయన.

"ఎందుకుండాలె?"

ఆయన ఆమె మొహంలోకి చూసి, క్లబ్బు వెనక గది తాళం తీశాడు. కాల్చగా మిగిలిన ఇత్తడి గొట్టాల్లో మళ్లీ మందు నింపి తూటాలు చేసే గది అది. క్లబ్బుకు అందుకు విడిగా అనుమతి ఉంది. పని ఆ గదిలోనే జరగాలి, సిద్దిరాములు ఎదురుగా ఉండాలి. ఒక బల్ల, దానికి బిగించిన చేతి మర, ఒక త్రాసు, వరసగా గొట్టాలు. వనజ గడప దగ్గరే ఆగిపోయింది. తండ్రి పనిగదిలోకి వచ్చినట్టుంది ఆమెకు.

త్రాసు ముల్లు వంక చూసి, "అన్నా, నీ తరాజు అబద్ధమాడుతుంది" అంది.

"ఇరవై ఏండ్ల సంది వాడుతున్న!"

"ఇరవై ఏండ్ల సంది ఆడుతుందన్నట్టు. బల్ల చూడు, ఎడమదిక్కు వంగింది."

సిద్దిరాములు ఒక గోలీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది నిదానంగా ఎడమవైపుకు దొర్లి కిందపడింది. ఆయన వంగి దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. మరుసటి వారానికి బల్ల కాలు కింద చెక్క వచ్చింది.

అక్కడినుంచి వనజకు కాల్చడం కన్నా నింపడం ఎక్కువ ఇష్టమైంది. గొట్టాలు కడిగి తళతళలాడేలా తుడవడం, ఒక్కోటీ వెలుతురులో తిప్పి పగులు ఉందేమో చూడడం, పేలే టోపీని అడుగున అమర్చడం, మందును పలుకు పలుకుగా తూచడం, సీసం గుండును నిలబెట్టి మర పిడి కిందికి నొక్కడం. బంగారం తూచే చెయ్యి అది. రవ్వంత ఎక్కువైనా ఆమె కళ్లు ఒప్పుకోవు.

ఆమెకు తప్పులు జరగలేదని కాదు. ఒకసారి క్లబ్బుకు వచ్చిన ఎవరితోనో కబుర్లు చెబుతూ ముప్పై తూటాలు నింపింది. సిద్దిరాములు వచ్చి మొత్తం పళ్లెం పక్కకు జరిపాడు.

"ముచ్చట వెట్టుకుంట నింపినయి నేను కాల్చనియ్య. అన్ని ఇప్పెయ్."

"అన్నీ సరిగనే ఉన్నయన్నా."

"ఉండొచ్చు. నీకు ఎరుక లేదు, నాకు ఎరుక లేదు."

రోషం పొడుచుకొచ్చింది. అయినా ముప్పై తూటాలూ ఒక్కొక్కటే విప్పింది. ఇరవై ఆరోదాన్లో మందు సగమే ఉంది. ఆ తర్వాత ఆ గదిలో ఆమె నోరు తెరిచింది లేదు.

ఇలా ఉండగా ఆ ఇద్దరు దొంగలు ఆసిఫాబాద్ దగ్గర ఇంకో దొంగతనం కేసులో దొరికారు. బజారంతా సంతోషించింది, వనజ కూడా సంతోషించింది. మూడో రోజున ఆమె మరిది కరుణాకర్ ఇద్దరు కులపెద్దలను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. చాయ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"వదినె, దొంగలు దొరికిండ్రు. ఇగ గా తుపాకి వాపస్ ఇచ్చెయ్యిండి. నలుగురు నాలుగు తీర్లు అనుకుంటుండ్రు."

"అనుకోనియ్యి. దొంగల కోసమే తెచ్చిన, నిజమే. ఇప్పుడు నా కోసం ఉంచుకుంట."

"మీ కోసం అంటే?"

"నాకు మంచిగనిపిస్తది. కాల్చుడు మంచిగనిపిస్తది, తూటాలు నింపుడు ఇంకా మంచిగనిపిస్తది."

పెద్దల్లో ఒకాయన దగ్గాడు. కరుణాకర్ గొంతు పెంచాడు. "ఆడమనిషికి గిదేం శోకు?"

"శోకే, సరదానే. నీకు పత్తాలాట శోకు. ఐతారం పొద్దున పేకలు వట్టుకొని పోతవు, చీకటయినంక వస్తవు. నిన్ను అడగనీకి నేను పెద్దమనుషులను తోలుకొచ్చిన్నా?"

దాంతో వాళ్లు లేచారు. శ్యాంసుందర్ వాళ్లను గడప దాకా సాగనంపి వచ్చాడు. వంకరపోయిన మణికట్టు నిమురుకుంటూ, "నాకు భయమైతది వనజా. గా తుపాకి ఇంట్లకు వచ్చినకాడికెల్లి నాకు నిద్ర సరిగ పడ్తలేదు. మళ్ల ఎవరన్న వస్తె నువ్వు కాలుస్తవు, వాళ్లు కాలుస్తరు..." అని ఆగిపోయాడు.

వనజ అతని పక్కన కూర్చుంది. "వాళ్లకు జవాబు చెప్పే పని లేదు నాకు. నీకు చెప్త. రేపటి సంది తూటా ఒక్కటి గూడ ఇంట్ల ఉండది. అన్ని క్లబ్బు బీరువాల పెడ్త. తుపాకి ఒక్కటే ఇనుప పెట్టెల ఉంటది."

"మరి దొంగలొస్తె?"

"ఒర్రుత, కేకలు వెడ్త. అప్పుడు ఒర్రలేదా? బజారంతా ఇనలేదా?"

అతనికి నవ్వు ఆగలేదు. ఆ మర్నాడే ఆమె అన్నంత పనీ చేసింది.

నెల తిరక్కుండా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అర్జీలో చూపిన ప్రమాదం ఇప్పుడు లేదు కాబట్టి లైసెన్సు ఎందుకు కొనసాగించాలో చెప్పమని అందులో ఉంది. ఎవరో ఫిర్యాదు చేశారని తెలుస్తూనే ఉంది. ఎవరని ఆమె అడగలేదు. సిద్దిరాములు కాగితం చదివి, "పోటీల పాల్గొను. ఆటకోసం అని రుజువుంటది" అన్నాడు. కరీంనగర్‌లో నాలుగు జిల్లాల క్లబ్బుల పోటీ రెండు వారాల్లో ఉంది. వనజ ఆ రెండు వారాలూ కూర్చుని అరవై తూటాలు నింపింది.

పోటీ రోజున పంతొమ్మిది మంది వచ్చారు, ఆడమనిషి ఆమె ఒక్కతే. పోటీ నడిపించడానికి వేరే ఊరి నుంచి వచ్చిన కుమార్ ఆమె తూటాల డబ్బా తెరిచి, "ఇవి ఎవరు నింపిండ్రు?" అని అడిగాడు.

"నేనే."

"కంపెనీవి తీసుకోండమ్మా. ఇంట్ల పిండివంట చేసినట్టు చేసినయి ఇక్కడ నడవయి. పేలి చేతుల మీదికొస్తె నాకు పరేషాన్."

నిలబడ్డవాళ్లలో కొందరు నవ్వారు. సిద్దిరాములు క్లబ్బు అనుమతి పత్రం తీయబోతే వనజ ఆపింది.

"సార్, నిబంధనల చేతితో నింపినయి వద్దని ఉందా?"

"లేదు. అయినా..."

"ఐతె తరాజు తెప్పియ్యిండి. నావి పది తూకం పెట్టుండ్రి. కంపెనీ డబ్బాలకెళ్లి పది పెట్టుండ్రి. నావి ఎక్కువ తేడా వస్తె ఇప్పుడే బస్సెక్కి పోత."

అంతమంది ముందు కాదనలేక ఆయన తూయించాడు. కంపెనీవి ఒకటి అటు, ఒకటి ఇటు ఊగాయి. వనజవి పదికి పదీ ఒకే అంకె చూపించాయి. త్రాసు పాడైందేమోనని ఆయన ఇంకో పది తీయించాడు. మళ్లీ అదే అంకె. నవ్వినవాళ్లలో ఒకాయన దగ్గరికొచ్చి తూటాను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. కుమార్ డబ్బా మూత పెట్టి ఆమె చేతికే ఇచ్చాడు. "పోయి నిలబడుండ్రి" అన్నాడు.

మొదటి వరస కాల్పులు పాడు చేసుకుంది. కోపం ఇంకా చేతుల్లో ఉంది. ఒక తూటా కాగితానికే తగల్లేదు. రెండో వరసకు ముందు తుపాకీ బల్ల మీద పెట్టి, కళ్లు మూసుకుని, మందు పళ్లెంలో రాలే సన్నటి చప్పుడును తలుచుకుంది. ఆ తర్వాత ఆమెకు మనుషులు కనబడలేదు. చివరి కాగితం మీద చిల్లులన్నీ అరచేతితో కప్పేంత మేర పడ్డాయి. మొత్తానికి నాలుగో స్థానం వచ్చింది. ముగ్గురికే బహుమతులు. "ఆ మొదటి వరస లేకుంటే..." అని సిద్దిరాములు బాధపడుతుంటే, "లేకుంటె ఎట్ల? నేనే గదా కాల్చింది" అంది.

పోటీ పత్రం జతచేసి ఆఫీసుకు జవాబు రాసింది. కారణం అన్నచోట ఆత్మరక్షణ అని రాయమని గుమాస్తా సలహా ఇచ్చాడు. ఆమె 'క్రీడ' అని రాసి, దానికింద 'ఇది నాకు ఇష్టం' అని ఇంకో వరస రాసింది.

"గిట్ల రాస్తె నడవదమ్మా."

"నడవదని ఏడ రాసి ఉందో చూపెట్టు, కొట్టేస్త."

అతను వెతకలేదు. ఇరవై రోజులకు లైసెన్సు కొనసాగిస్తున్నట్టు కాగితం వచ్చింది. కరుణాకర్ ఆరు నెలలు వాళ్లింటి గడప తొక్కలేదు. ఆమె పిలవనూ లేదు.

మొన్నొక ఆదివారం శ్యాంసుందర్ తనూ వస్తానన్నాడు. దారి పొడుగునా బస్సులో కిటికీ చువ్వ పట్టుకుని కూర్చున్నాడు. క్లబ్బులో రెండు చెవుల్లో దూది కుక్కుకుని వెనక బెంచీ మీద కూర్చున్నాడు. మొదటి తూటా పేలగానే ఎగిరిపడి లేచి నిలబడ్డాడు.

"అయిపోయిందా?"

"ఇంక యాభై తొమ్మిది ఉన్నయి" అంది వనజ, కాగితం మీంచి చూపు తిప్పకుండానే. "కూసో."