తుఫాను మన దాక రాదని చెప్పిన

మొయినాబాద్ దాటి చేవెళ్లకు పోయే తొవ్వలో, మెయిన్ రోడ్డుకు జర లోపలికి ఉన్న ఒక ఊరి సర్కారు బడిలో నేను సైన్స్ చెప్పేదాన్ని. పట్నం నుంచి బస్సులో మొయినాబాద్ దాక వచ్చి, అక్కడ షేర్ ఆటో ఎక్కేదాన్ని. మక్కలు, అంటే మొక్కజొన్న, చేతికొచ్చే రోజులు. ఊరి దగ్గర రోడ్డు సగం దాక మక్కలు ఆరబోసి ఉండేవి. ఆటో వాటి పక్కనుంచి మెల్లగ పోయేది. అవి ఎవరివని నేను ఎన్నడూ అడగలే.

ఆ వారం బంగాళాఖాతంలో తుఫాను పుట్టిందని టీవీలన్నీ అదే చూపిస్తున్నయి. తొమ్మిదో తరగతి పిల్లలు అడిగితే పాఠం పక్కన పెట్టి దాని గురించే చెప్పిన. బకెట్ నిండ నీళ్లు తెప్పించి, పసుపు చల్లి, కట్టెతో గుండ్రంగ తిప్పిన. నడుమ గుంత పడ్డది. "ఇదే తుఫాను కన్ను," అన్న. సముద్రం వేడెక్కితే ఆవిరి ఎట్ల పైకి లేస్తదో, కింద ఖాళీ అయిన జాగలోకి గాలి ఎట్ల ఉరికొస్తదో, భూమి తిరుగుతున్నందుకు ఆ గాలి ఎట్ల సుడి తిరుగుతదో చెప్పిన. ఉపగ్రహాలు, రాడార్లు చూసి అది పోయే దారిని ముందే ఎట్ల గీస్తరో బోర్డు మీద గీసి చూపించిన. పిల్లలు కదలకుండ విన్నరు. నాకు చాన సంతోషమైంది. అంత మంచిగ పాఠం చెప్పి ఎన్ని రోజులైందో.

రెండో బెంచీల కూర్చునే ఒక పిల్ల లేచింది. అన్నిటికంటె ఎక్కువ ప్రశ్నలు అడిగేది ఆ పిల్లనే.

"మేడం, అది మన దిక్కు వస్తదా?"

"మనకు సముద్రం ఎక్కడున్నది? నేల మీదికి రాంగనే దానికి ఆవిరి అందదు, బలం పోతది. మన దాక రాదు. మనం ఫికర్ చేయొద్దు," అన్న.

పిల్ల కూర్చొని రాసుకున్నది.

నిజానికి పొద్దున్నే బడి వాట్సాప్ గ్రూపులో మన జిల్లాకు గట్టి వాన సూచన అని మెసేజ్ వచ్చి ఉన్నది. నేను తెరిచి చూడలే. గాలి బలం పోతది గని, మబ్బు మోసుకొచ్చిన నీళ్లు ఎక్కడికీ పోవు. ఆ సంగతి నాకు తెలుసు. చెప్పడం మరిచిన అని ఇన్ని రోజులు అనుకున్న. ఇప్పుడు ఆలోచిస్తే, పాఠం అందంగ ముగియాలన్న తొందరే ఎక్కువుండె.

తెల్లారి మొదలైన వాన రెండు రోజులు విడవలే. బడికి సెలవిచ్చిండ్రు. మళ్లీ తెరిచిన రోజు ఆ పిల్ల వచ్చింది గని తల ఎత్తలే. పక్కన కూర్చున్న పిల్లనే చెప్పింది: "మేడం, వాళ్ల మక్కలన్నీ తడిసినయి. వాన రాదని మీరు చెప్పిండ్రంట, అందుకే కప్పలేదంట."

క్లాసంతా నా దిక్కు చూసింది.

"బలం పోతదని చెప్పిన గని, వాన రాదని చెప్పిన్నా? పాఠం సరిగ్గ వినాలె," అన్న.

కొందరు నవ్విండ్రు. ఆ పిల్ల లేచి నిలబడి, "నేనే సరిగ్గ వినలే మేడం," అన్నది.

మధ్యాహ్నం నోట్సులు దిద్దుతుంటే ఆమె నోట్‌బుక్ చేతికొచ్చింది. గుండ్రటి అక్షరాలతో నా మాటలు ఉన్నట్టే ఉన్నయి: మన దాక రాదు. మనం ఫికర్ చేయొద్దు. కింద గీత కూడ కొట్టుకున్నది. నేను ఎర్ర పెన్ను మూత పెట్టిన.

బడి విడిచినంక వాళ్ల ఇల్లు అడుక్కుంట పోయిన. వాకిట్ల తడి మక్కలు కుప్పగ ఉన్నయి. పులిసిన వాసన. అప్పటికే తెల్లగ మొలకలొచ్చినయి. పిల్ల వాళ్ల అవ్వ ఆ కుప్ప పక్కన కూర్చొని, మొలకలొచ్చినవి ఒక దిక్కు, రానివి ఒక దిక్కు ఏరుతున్నది.

"నేను బడి మేడంను అవ్వా," అన్న.

"కూసో బిడ్డా," అని పీట జరిపింది. "ఆ పొద్దుమీకి తూర్పు గాలి కొట్టింది. కుప్ప చేసి తాటిపత్రి కప్పుదామన్న. మా పిల్ల ఇనలే. మా మేడం చెప్పింది, రాదు అని ఒక్కటే లడాయి."

పిల్ల తల్లి నీళ్లు తెచ్చిచ్చింది. ఆమెకు చెప్పిన, తప్పు నాదని, పిల్ల సరిగ్గనే విన్నదని, నేనే సగం చెప్పిననని. ఆమె నా మొఖం చూడకుండ, "చదువుకున్నోళ్లు చెప్పిండ్రని ఇన్నం మేడం," అన్నది. అంతే. కోపం చేసినా బాగుండు. పిల్ల తలుపు వెనక నిలబడి ఉన్నది, బయటికి రాలే.

తెల్లారి క్లాసులో అందరి ముందర చెప్పిన. నోట్‌బుక్ చేతిలో పట్టుకొని, ఈమె నేను చెప్పింది చెప్పినట్టే రాసుకున్నది, నిన్న నేను అబద్ధమాడిన అన్న. పిల్లలకు అది అంత పెద్ద ముచ్చట అనిపించలే. ఒకడు, "అయితే ఇది పరీక్షల వస్తదా మేడం?" అని అడిగిండు. ఆ పిల్ల కిటికీ దిక్కు చూసుకుంట కూర్చున్నది. ఆ మక్కల్ల సగం గొడ్లకే పోయినయని తర్వాత తెలిసింది. పది పాసయ్యే దాక ఆమె నా క్లాసులో మళ్లొక ప్రశ్న అడగలే.

మొన్న చేవెళ్ల బస్టాండ్‌లో కనబడ్డది. భుజానికి బ్యాగు, ఇంటర్ కాలేజీ ఐడీ కార్డు. తనే దగ్గరికొచ్చి, "బాగున్నరా మేడం?" అన్నది. ఏం చదువుతున్నవని అడిగిన.

"సీఈసీ మేడం."

"సైన్స్ తీసుకోలేదా?"

"లేదు మేడం."

దానికి నేనే కారణమని అనుకునేంత గొప్పదాన్ని కాదు. ఇంట్ల వంద సంగతులుంటయి. అయినా ఎందుకు తీసుకోలే అని అడగలే. ఆమె బస్సు వచ్చింది. పోయొస్త అని ఎక్కింది. నేను నా బస్సు కోసం నిలబడ్డ.